రక్తపోటు పరీక్షకు నిరాకరించిన ఆడవాళ్ళు

నాకు నిశ్చయంగా తెలిసినవేవో, కేవలం చెవిన పడినవేవో ముందుగా విడదీసి చెబుతాను. మా ఆసుపత్రి కంప్యూటర్లలో, సరస్సు ఒడ్డున ఉన్న ఒక కుప్పం స్త్రీల రికార్డుల్లో, రక్తపోటు రాయవలసిన చోట ‘రోగి నిరాకరించారు’ అన్న మాట నెలల తరబడి కనిపించింది. దాన్ని నమోదు చేసినది ఎక్కువగా ఒకే నర్సు. ఆమె కాంట్రాక్టు ఆ వేసవిలో ముగియనుంది. ఈ మూడూ నేను స్వయంగా చూసినవి. కుప్పమంటే మా వైపు చేపలు పట్టేవారి పల్లె.

ఇక విన్నవి. ఆ స్త్రీలకు చేతికి పట్టీ కట్టించుకోవడమంటే భయమని ఒకరు చెప్పారు. పరాయివాళ్ళ ముందు చేయి చాపరని మరొకరు చెప్పారు. పట్టీ బిగిస్తే చేతిలో సత్తువ పోతుందన్న నమ్మకం అక్కడ ఉందని ఇంకొకరు, తామే ఆ నమ్మకాన్ని కనుగొన్నంత ధీమాగా చెప్పారు. వీరిలో ఎవరూ ఆ కుప్పానికి వెళ్ళినవారు కారు. ఆ నర్సుకు బద్ధకమని కూడా విన్నాను. ఆ మాట అన్నవారు ఆమె పక్క గదిలోనే పనిచేసేవారు కనుక దానికి కొంత ఎక్కువ విలువ ఇచ్చాను. దగ్గరగా కూర్చున్నంత మాత్రాన సాక్ష్యం బలపడదని అప్పటికే నాకు తెలిసి ఉండవలసింది.

ఆసుపత్రి పరిశోధన విభాగంలో అంకెలు సరిచూడడం నా ఉద్యోగం. చదివింది గణాంకశాస్త్రం, ఏ మాట విన్నా ‘ఎలా తెలిసింది?’ అని అడగడం అలవాటు. ఆ అలవాటు వల్ల స్నేహితులు పెరగలేదు కానీ ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు విరమించి నెల్లూరులో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న యువతీయువకులు అప్పుడప్పుడు ఫోన్ చేసి, లాగ్‌ల మీద పరిశోధన చేస్తున్నామని ఉత్సాహంగా చెబుతుంటారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

లాగ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. డాక్టరు గానీ నర్సు గానీ ఒక రోగి రికార్డు తెరిచినప్పుడు వారు రాసేది ఒకటి. ఎవరు, ఎప్పుడు తెరిచారు, ఏది నొక్కారు, ఎప్పుడు మూశారు అని యంత్రం తనంతట తానే రాసుకునేది మరొకటి. ఈ రెండవదే లాగ్. రికార్డులో మనిషి ఏమి చెప్పాడో ఉంటుంది. లాగ్‌లో ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కోసారి ఒకటి రెండవదాన్ని నిలదీస్తుంది.

మా ఆసుపత్రి నాయుడుపేట నుంచి తూర్పుగా, చిట్టమూరు వైపు పోయే దారిలో ఉండేది. అక్కడ ఒక యువ వైద్యుడు తీరప్రాంతంలో రక్తపోటు మీద పరిశోధన మొదలుపెట్టాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు, తన తప్పును చూపిస్తే ముఖం చిట్లించనివాడు. ఈ మూడవ గుణం ఎంత అరుదో ముప్పై ఏళ్ళు తప్పులు చూపించిన నాకు తెలుసు. ఆయన వ్యాసం ముసాయిదాలో ఒక వాక్యం ఉంది: సరస్సు ఒడ్డు మత్స్యకార స్త్రీలలో రక్తపోటు పరీక్ష పట్ల విముఖత స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద వివరణ కూడా ఉంది. చాలామంది ఒక నెల పరీక్ష చేయించుకొని, తర్వాతి నెలల్లో నిరాకరిస్తున్నారు. కనుక మొదటి అనుభవం వారికి నచ్చి ఉండకపోవచ్చు. ఆ విముఖతను పోగొట్టడానికి కుప్పంలో అవగాహన సదస్సులు పెట్టాలని సూచన.

“ఎలా తెలిసింది?” అని అడిగాను.

“రికార్డులో ఉంది కదా సార్.”

“రికార్డులో ఉన్నది నిరాకరించారని. విముఖత అన్నది మీ మాట.”

ఆయన నవ్వి, “అయితే లాగ్ తెప్పిద్దాం. నిరాకరించిన మనిషికి నచ్చజెప్పడానికి ఎంతో కొంత సమయం పట్టి ఉంటుంది. అది కనిపిస్తుంది” అన్నాడు.

అది మంచి ఆలోచన. మా ఆసుపత్రి పరిశోధన కమిటీ అనుమతి తీసుకొని, రోగుల పేర్లూ ఉద్యోగుల పేర్లూ లేకుండా సంకేతాలతో లాగ్ తెప్పించాము. నచ్చజెప్పిన జాడ ఎక్కడా లేదు. రికార్డు తెరవడం, ‘నిరాకరించారు’ నొక్కడం, మందుల చీటీ ముద్రించడం, మూయడం. అన్నీ ఒక నిమిషం లోపే. వెంటనే అదే కుప్పానికి చెందిన మరొక స్త్రీ రికార్డు, అదే వరుస. ఇలా గుంపులు గుంపులుగా ఉన్నాయి. ప్రతి గుంపులోనూ మొదటి స్త్రీకి మాత్రం నిజమైన కొలత ఉంది, దానికి పట్టవలసినంత సమయమూ పట్టింది. మిగతావారంతా క్షణాల్లో నిరాకరించినవారే. అంత తొందరగా కాదనే మనిషిని నేను మా ఇంట్లో కూడా చూడలేదు.

సంకేతాల వెనుక ఎవరున్నారో మాకు తెలియకూడదు. కానీ ఆ గదిలో ఉదయం పూట పనిచేసే నర్సులు ఇద్దరే. ఇద్దరిలో ఒకరిని దాచగల సంకేతాన్ని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. లాగ్ వివరాలు చేర్చిన ముసాయిదా చూసి సూపరింటెండెంట్ మేడం మమ్మల్ని పిలిపించారు. కటువుగా మాట్లాడతారని పేరున్న మనిషి. నిజానికి తక్కువ మాట్లాడేవారు, అంతే.

“పేషెంటుని అడగకుండానే కాదన్నారని కొట్టేస్తోందా ఆ అమ్మాయి?”

“అలా ఉండవచ్చు మేడం. కాకపోనూ వచ్చు.”

“మీరు ఎప్పుడూ ఇంతే సార్. కాంట్రాక్టు కాగితాలు నా బల్ల మీదున్నాయి. పొడిగించమంటారా, వద్దంటారా?”

పరిశోధన కోసం తెచ్చిన లాగ్‌తో ఒక మనిషి కొలువును తేల్చకూడదని, మా అనుమతిలో ఆ మాట ఉందని చెప్పాను. ఆమె ఒప్పుకున్నారు. అయితే తాను చదివినదాన్ని చదవనట్లు నటించలేనని కూడా అన్నారు. అది కాదనలేని మాట. చివరికి, ఆ గదిలో ఒకరోజు కూర్చొని చూసి వస్తానని గడువు అడిగాను.

రక్తపోటు, షుగర్ రోగులు వచ్చే రోజున వెళ్ళాను. ఆ నర్సుకు ముప్పై దాటి ఉంటాయి. మనుబోలు దగ్గర పొలం పని చేసుకునే కుటుంబం. నన్ను చూసి కుర్చీ వేసింది, ఎందుకు వచ్చారని మాత్రం అడగలేదు. లాగ్ చూస్తున్నారన్న వార్త ఆ గదికి నాకంటే ముందే చేరింది.

కొంతసేపటికి ఒక నడివయసు స్త్రీ, ఖాళీ గంపను గుమ్మం బయట బోర్లించి లోపలికి వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

“ఏంది సిస్టరమ్మా, ఈ పొద్దు పక్కన పెద్దాయన్ని కూర్చోబెట్టుకోనుండావే?”

“ఆఫీసు సార్ లే అక్కా. కంప్యూటరు చూసేదానికి వచ్చినారు.”

“కంప్యూటరు ఆడుంటే నా మొహం చూస్తా ఉండాడే.”

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ముఖం కంప్యూటరు వైపు తిప్పుకున్నాను. ఆమె కొంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. దాన్నిండా ఆసుపత్రి కార్డులు.

నర్సు నా వైపు చూడకుండా, “నీ కార్డు ఒకటే ఇయ్యక్కా” అంది.

“ఒకటే ఏంది? మిగతావోళ్ళకి?”

“ఈ పొద్దుకి ఒకటే.”

“పోయిన నెల మా తోడికోడలికి గమ్మున ఇచ్చి పంపిస్తివి గదమ్మా. ఈ నెల వంతు నాది. అందురూ ఈడికొచ్చి కూర్చుంటే పడవలొచ్చే యాళకి గట్టు మీద ఎవురుంటారు? చేపల్ని నువ్వొచ్చి అమ్మిపెడతావా?”

వెనుక నుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. “వాళ్ళు గొప్పోళ్ళు సార్. మందులు ఇంటికాడికే పోతాయి. ఈడ ఎండలో కూర్చునేది మేమే.”

“నువ్వూ రా తాతా మా కుప్పానికి, రొయ్యలు వలిచిపెడుదువు గానీ” అందామె వెనక్కి తిరగకుండానే.

నేను ఆమెను, రక్తపోటు చూపించుకుంటారా అని అడిగాను. ప్రశ్న పూర్తికాకముందే చేయి చాపింది. “చూడమనండి నాయనా. పట్టీ కట్టినంతసేపైనా కూర్చోని ఉంటా. పొద్దుట్నుంచి కూర్చున్నది లేదు.”

నెలలుగా నేనూ యువ వైద్యుడూ తెర మీద చూసిన గుంపు బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఉంది. ఆ కుప్పం స్త్రీలు వంతులు వేసుకున్నారు. నెలకొకరు అందరి కార్డులూ తీసుకొని వస్తారు. పడవలు ఒడ్డుకు వచ్చేదీ మా ఆసుపత్రి చీటీలిచ్చేదీ ఒకే వేళ. గట్టు మీద లేని మనిషికి ఆ రోజు అమ్ముకోవడానికి చేపలుండవు. అందుకని వంతుకు వచ్చినామె గంపలోకి రావలసిన సరుకును మిగతావారు ఎత్తిపెడతారు. వచ్చినామెకు కొలత ఉంటుంది, రానివారు నిరాకరించినవారవుతారు. మరో నెలలో మరొకరి వంతు కనుక, ఒకసారి చూపించుకున్న ఆమె తర్వాత చూపించుకోనట్లు కనిపిస్తుంది. ఇందులో విముఖత లేదు. కొన్ని ఇళ్ళ మధ్య ఒప్పందం ఉంది.

మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక నర్సుతో మాట్లాడాను. నేను అడగకముందే ఆమె మొదలుపెట్టింది.

“ఆడ మూడే ఉండాయి సార్. కొలత రాయాల. లేకుంటే నిరాకరించినారు అనాల. లేకుంటే మిషను పనిచేయడం లేదు అనాల. ఏదో ఒకటి నొక్కకపోతే మందుల చీటీ రాదు. మిషను చెడిందంటే బాగుచేసేవోళ్ళు వస్తారు. చూడని కొలత రాసేదానికి నాకు చెయ్యి రాలేదు.”

“నిరాకరించారన్నదీ అబద్ధమే కదమ్మా.”

“అవును సార్. మూడింటిలో చిన్నది ఎత్తుకున్నా.”

చిన్నదో పెద్దదో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు. లేని కొలతను రాయకపోవడం మాత్రం ఆమెను గురించి నాకు తెలిసిన మొదటి గట్టి వాస్తవం. వేళ్ళకు వచ్చిన అంకె వేసి ఉంటే మా యువ వైద్యుడి వ్యాసంలో ఆ కుప్పం అంతా ఆరోగ్యంగా ఉండేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

“ఇదంతా నేను రాయాలి” అన్నాను.

“నాకు బద్ధకమని రాసుకోండి సార్. పక్క గదిలో ఎట్టా అంటానే ఉండారు. కవరు సంగతి రాస్తే రేపట్నించి మనిషి వస్తేనే మందులంటారు. వాళ్ళు రారు. మందులు మానేస్తారు.”

“మీ కాంట్రాక్టు?”

“వాళ్ళు మందులు పోగొట్టుకునే దానికన్నా, కొలువేమైందని మా ఆయన అడిగేదానికి జవాబు చెప్పుకోవడం మేలు లే సార్” అని నవ్వబోయి, నవ్వలేకపోయింది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది.

మీలో కొందరికి ఇక్కడ ఏమి చేయాలో వెంటనే తోచవచ్చు. నాకు తోచలేదు. ఆమె కోరినట్లు రాస్తే ఒక అబద్ధాన్ని సరిచేయడానికి వెళ్ళి రెండవ అబద్ధం రాసినవాడినవుతాను. ఆమె కొలువు పోతుంది, మందులు కొంతకాలం సాగుతాయి. ఉన్నది ఉన్నట్లు రాస్తే మందులు ఆగవచ్చు, కొలువూ పోవచ్చు. మందులు ఆగుతాయన్నది ఆమె భయం. అది నిజమవుతుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించని భయాన్ని నమ్మి అబద్ధం రాయడం నాకు చేతకాలేదు. ఉన్నది రాస్తానని, అయితే కాగితం పంపకముందే సూపరింటెండెంట్ ముందు ఆమె సమక్షంలోనే మాట్లాడతానని మాట ఇచ్చాను.

ఆ సమావేశంలో మేము నలుగురమే. చూసినదంతా ఉన్నది ఉన్నట్లు చెప్పాను.

“మనిషిని చూడకుండా ఇన్ని నెలలు మందులిచ్చాం” అన్నారు మేడం. “ఎవరికైనా ఏమన్నా అయి ఉంటే?”

“నాదే బాధ్యత మేడం” అంది నర్సు.

“నీది కాదు, నాది. చీటీల మీద సంతకం నాది.” తర్వాత నా వైపు తిరిగారు. “ఇప్పుడు మందులు ఆపితే?”

“ఏమవుతుందో తెలియదు మేడం. వాళ్ళు రారని ఈమె అంటోంది. వస్తారని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.”

అప్పటిదాకా తలవంచుకొని ఉన్న యువ వైద్యుడు, “ఆ వాక్యం తీసేస్తాను మేడం. సదస్సులు కూడా వద్దు. వాళ్ళు రాలేని వేళకి మనం పిలుస్తున్నాం. చేపల పని అయ్యాక మనమే వెళ్ళి అందరికీ చూద్దాం” అన్నాడు.

“మీరు వెళ్తారా, ఆ ఎండలో?”

“వెళ్తాను.”

మేడం కాంట్రాక్టు కాగితాన్ని సొరుగులో పెట్టారు. “ముందు ప్రతి మనిషినీ కొలిచి రండి. ఈమె సంగతి ఆ తర్వాత.”

మరుసటి వారం జీపులో వెళ్ళాము. ఇసుక మీద చేపలు ఎండుతున్నాయి. వలల నీడలో ఒక బల్ల వేసుకున్నాము. నమ్మకాల గురించి నేను విన్నవన్నీ గుర్తుపెట్టుకొని, ఎవరు వెనకాడతారా అని చూస్తున్నాను. వాళ్ళు వెనకాడలేదు, ఒకరినొకరు తోసుకున్నారు.

“నాది ముందు చూడు సిస్టరమ్మా. మా ఆయనతో పోట్లాడి నేరుగా వస్తా ఉండా, ఎంతుంటదో చూద్దాం.”

“నీది కాదు మే, చూడాల్సింది ఆయనది.”

“ఆయనకి పట్టీ చేతికి కాదు, నోటికి కట్టాల.”

ఒక్క వృద్ధురాలు మాత్రం ఎంత చెప్పినా చేయి ఇవ్వలేదు. తనకే రోగమూ లేదని, ఉన్నా మాకు చెప్పనని అంది. నర్సు నా వైపు చూసింది. రాయమని తల ఊపాను. ‘నిరాకరించారు’ అన్న మాట మా రికార్డుల్లో మొదటిసారి సరైన మనిషి పేరు పక్కకు చేరింది.

కొందరికి రక్తపోటు అదుపులోనే ఉంది. కొందరికి లేదు, యువ వైద్యుడు అక్కడికక్కడే మందు మార్చాడు. చివరికి ఒక కార్డు మిగిలింది. ఆ మనిషి ఎక్కడని అడిగితే, అందరూ ఒక ఇంటి వైపు చూశారు.

లోపల మంచం మీద ఒక స్త్రీ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కుడి చేయి ఒడిలో పడి ఉంది. ఆసుపత్రికి కవరుతో వచ్చిన ఆమె చెప్పింది: “మా తోడికోడలే. రెండు మూడు నెలలైంది పడిపోయి. నెల్లూరికి ఎత్తుకుపోయినాము. ఈ మందులే మానకుండా వాడమన్నారు. అందుకే ఈమె కార్డు కూడా కవర్లో పెట్టి పంపిస్తానే ఉండాము.” ఆసుపత్రిలో ‘పోయిన నెల మా తోడికోడలికి’ అన్నది వేరొకరి గురించి, ఆ ఇంట్లో కోడళ్ళు ముగ్గురు.

పక్షవాతం వచ్చిన తర్వాత కూడా మా కంప్యూటరు ఆమెను నెలనెలా నిరాకరించిన స్త్రీగానే రాసుకుంటూ పోయింది. నర్సు మంచం పక్కన కింద కూర్చొని ఆమె ఎడమ చేతికి పట్టీ కట్టింది. ఆ స్త్రీ మాట తడబడుతూ ఏదో చెప్పింది. తోడికోడలు దాన్ని మాకు విడమరిచింది. “మందులు నువ్వే గదా పంపిస్తా ఉండావు అంటా ఉండాది. నీ చెయ్యి సల్లగుండాలంటా ఉండాది.” నర్సు తల ఎత్తలేదు. కొలత చెప్పి, యంత్రం సర్దుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

తర్వాత జరిగింది మీకు పనికివచ్చేంత మేరకే చెబుతాను. మేడం కాంట్రాక్టు పొడిగించారు, ఒక హెచ్చరికతో పాటు. కుప్పానికి నెలకొకసారి వెళ్ళే పని ఆ నర్సుకే అప్పగించారు. తెర మీద నాలుగో గడి వచ్చింది: రోగి రాలేదు, మందులు మరొకరు తీసుకువెళ్ళారు. యువ వైద్యుడు విముఖత వాక్యాన్ని కొట్టేసి, దాన్ని తాను ఎలా నమ్మాడో వివరంగా రాశాడు. ఆయన రాసినవాటిలో నాకు నచ్చింది ఆ పేజీయే. లాగ్ మనకు మనుషుల మనసు చెప్పదు, వేళ్ళ కదలిక చెబుతుంది. మిగతాది తెలుసుకోవాలంటే ఆ వేళ్ళున్న గదిలోకి వెళ్ళి కూర్చోవాలి.

కాంట్రాక్టు కాగితం అందిన రోజున నర్సు నా గదికి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికనుకున్నాను. నిలబడే అడిగింది.

“ఆమెని మధ్యలో ఒక్కసారి చూసుంటే తెలిసేదా సార్? పడిపోకుండా ఉండేదా?”

ఆ స్త్రీ రికార్డును నేను అప్పటికే పలుమార్లు చదివాను. తన వంతుకు వచ్చిన నెలలో కొలత కొంచెం ఎక్కువగా ఉంది, కంగారుపడేంత కాదు. ఆ తర్వాత పడిపోయేదాకా ఏమీ లేదు.

“తెలియదమ్మా.”

“లేదు అని చెప్పొచ్చు గదా సార్.”

“చెప్పవచ్చు. కానీ నాకు తెలియదు.”

ఆమె తల ఊపింది. కోపగించుకున్నట్లు లేదు. బయట జీపు ఎదురుచూస్తుంటే వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎందుకు లేదో మాత్రం చెప్పగలను. కొలవని నెలల్లో రక్తపోటు ఎంతుందో ఏ లాగ్ నుంచీ తవ్వి తీయలేము. కొలిచి మందు పెంచి ఉంటే నిలబడేదేమో. రమ్మని పట్టుబట్టి ఉంటే మందులే మానేసి, ఇంకా ముందే పడిపోయేదేమో. ఇందులో ఏది నిజమో తేల్చాలంటే అదే వయసు, అదే ఒళ్ళు, అదే ఇల్లు ఉన్న మరొక స్త్రీని పక్కన నిలబెట్టి పోల్చి చూడాలి. ఆ మంచం మీద ఉన్నది ఆమె ఒక్కతే.